మూత పెట్టి తప్పుకొనుట

పాలు కాచి దించి, చిటికెనవ్రేలు ముంచి వేడిమి పరీక్షించి, అవి గోరువెచ్చనైనవని నిశ్చయించుకొన్న పిమ్మట, నిన్నటి పెరుగులోనుండి ఒక చెంచాడు తోడు తీసి అందు కలిపి, మూత పెట్టి, ఆ గిన్నెను ఎవరి చేయియు తగులని మూల నుంచి, తెల్లవారువరకు దాని ఊసెత్తక నిద్రపోవు ఇల్లాలు, తాను చేసిన పనిలోని శాస్త్రమును ఎరుగకపోవచ్చును గాని, తాను చేయక విడిచిన పనిలోని వివేకమును మాత్రము లెస్సగా ఎరుగును. అర్ధరాత్రమున లేచి, మూత తీసి, గరిటెతో కదిపి చూచినచో పెరుగు గట్టిగా తోడుకొనదని ఆమెకు ఏ గ్రంథమును చెప్పలేదు. వంటయింటి విద్యలలో సగపాలు ఇట్టి నిగ్రహమే యని నా నమ్మకము. ఆ సగపాలును గూర్చి వంట పుస్తకములు వ్రాయువారు సాధారణముగా మౌనము వహింతురు.

ఇంతవరకును ఈ పుస్తకమున మనము పూనికతో చేయవలసిన పనులను గూర్చియే ముచ్చటించుకొంటిమి. ఈ అధ్యాయమున చెప్పబోవునది కొంచెము చేసి, పిదప తప్పుకొనవలసిన పని. అది కూరగాయలను ఉప్పుతో పులియబెట్టుట.

ఈ మాట చెవిని పడగానే తెలుగు పాఠకుడు, ఇందులో క్రొత్త యేమున్నది, మా ఇంట జాడీలకొలది ఆవకాయ యున్నది గదా యని చిరునవ్వు నవ్వవచ్చును. ఆవకాయయెడ నా భక్తి ఎవరి భక్తికిని తీసిపోదు. అయినను నిజము చెప్పవలసి వచ్చినప్పుడు, ఆవకాయ పులియబెట్టిన పదార్థము కాదనియు, పులియకుండ కాపాడబడిన పదార్థమనియు చెప్పక తప్పదు. అందలి పులుపు మామిడికాయ తనతో తెచ్చుకొన్నదే గాని జాడీలో పుట్టినది గాదు. ఉప్పు, ఆవపిండి, కారము, పైన నిలిచిన నూనె అను నలుగురు కావలివాండ్రు లోపలికి ఏ సూక్ష్మజీవిని చొరనీయక, చొరబడినదానిని పెరుగనీయక, సంవత్సరము పొడవునను జాడీని కాచుచుందురు. తడిచేయి తగులరాదను మన పెద్దల కట్టడికి మూలమిదియే. ఎండలు మండు దేశమున కూరగాయను నిలువచేయుటకు మనవారు కనిపెట్టిన తక్కిన మార్గములును ఇట్టివే: ఒరుగులు ఎండకు అప్పగింపబడినవి, వడియములును అంతే. ఊరమిరపకాయలు ఉప్పు కలిపిన పుల్లని మజ్జిగలో కొన్నినాళ్ళు నానిన మాట నిజమే గాని, కడకు వానినిని ఎండయే అందుకొన్నది. సూక్ష్మజీవులకు మనము తలుపు తెరచినది పాలకు, బియ్యమునకు, పప్పునకు: పెరుగు, ఇడ్లీపిండి, గంజియు అన్నమును కుండలో పులిసిన తరవాణి. కూరగాయలయెడ ఆ ఔదార్యమును చూపినవారు చల్లని దేశములవారు; జర్మనులు క్యాబేజీతో సావర్‌క్రాట్ చేసిరి, కొరియనులు ముల్లంగి, క్యాబేజీలతో కిమ్చీ చేసిరి, మన హిమాలయ సీమలలో నేపాలీయులు ఆకుకూరలను పులియబెట్టి, ఎండబెట్టి, గుండ్రుక్ అని పేరిడిరి. కొరియాలో శీతకాలమునకు ముందు ఇరుగుపొరుగు కుటుంబములు కూడి కిమ్చీ పెట్టుకొని పంచుకొను ఆచారమును 2013 లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. మన వీథులలో ఎండకాలమున ఆవకాయ పెట్టుకొను సందడి ఎరిగినవారికి ఆ గుర్తింపు ఎందుకు వచ్చెనో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక జాడీలో జరుగునదేమో చూతము. క్యాబేజీని సన్నగా తరిగి, దాని తూకములో నూటికి రెండు, రెండున్నర పాళ్ళ ఉప్పు చల్లి, రెండు చేతులతో పిసికినచో, పావుగంట గడచునప్పటికి పళ్ళెము అడుగున నీరు ఊరియుండును. మనము ఒక చుక్కయు పోయలేదు. ఉప్పు ఆకులోని నీటిని వెలికి లాగినది, ఆ నీటివెంట ఆకులోని చక్కెరయు వచ్చినది. ఆ ఆకులమీద పొలమునుండియే వెంబడించి వచ్చిన సూక్ష్మజీవులు నానాజాతులవి కలవు. వానిలో మనకు కావలసిన లాక్టిక్ ఆమ్ల జీవులు మిక్కిలి కొలది, కుళ్ళబెట్టునవే పెక్కు. ఆ కొలదివారు రాజ్యమును గైకొనుటకు రెండే సదుపాయములు వలయును: ఒకటి తగినంత ఉప్పు, రెండవది గాలి తగులకుండుట. ఈ రెండింటిని కుళ్ళబెట్టు జాతులలో పెక్కు ఓర్వలేవు, మనవి ఓర్చుకొనును. పెరుగునకు తోడు కావలెను గాని ఇచట తోడు అక్కరలేదు. కూరయే తన తోడును తెచ్చుకొన్నది.

మొదట సింహాసనమెక్కునది ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అను నోరు తిరుగని పేరుగల జీవి. అది చక్కెరను తిని పులుపును, దానితోపాటు బుడగలుగా లేచు బొగ్గుపులుసు వాయువును పుట్టించును. ఆ వాయువు సీసాలో మిగిలియున్న గాలిని వెలుపలికి నెట్టును. రెండు మూడు దినములలో పులుపు ముదురగా, తాను పుట్టించిన పులుపునకు తానే ఓర్వలేక ఆ జీవి తగ్గిపోవును. అప్పుడు పులుపునకు వెరవని లాక్టోబాసిల్లస్ జాతులు వచ్చి, చివరకు ప్లాంటారమ్ అనునది మిగిలిన చక్కెరను ముగించి కార్యమును పూర్తిచేయును. ముందటివాడు సిద్ధపరచిన పీటపై వెనుకటివాడు కూర్చుండుట, కూర్చున్నంతలో ముందటివాడు లేచిపోవుట! పదవులయందున్నవారికి ఈ జాడీని ఒకమారు చూపింపవలెనని నాకు తరచు తోచును.

ఈ మొదటి జీవి మనకు పరాయిది గాదు. ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పొంగి గిన్నె అంచులు దాటుటకు ముఖ్యకారణము ఈ ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిసేయని 1965 లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది. ఆ పరిశోధకులలో ఒకడగు కార్ల్ పెడర్సన్ అమెరికాలో సావర్‌క్రాట్ పులియు క్రమమును దీర్ఘకాలము శోధించినవాడు. జర్మను వాని కుండలోని బుడగయు, మన ఇంటి పిండిలోని బుడగయు ఒక్క చేతి పనియేయని తెలియుటకు ఆయనవంటివాడు కావలసివచ్చెను. పాలు పులియుట జీవుల పనియని పాస్చర్ లీల్ నగరమున చాటినది 1857 లో. అంతకు ముందు వేలయేండ్లుగా ఆ పని జరుగుచునే యున్నది, చేయువారి పేరు మాత్రము ఎవరికిని తెలియదు.

అయితే ఈ జీవులు మన దేహమునకు చేయు మేలేమి? ఇచట మనము మెల్లగా అడుగు వేయవలెను, ఏలన ఈ బాటలో అతిశయోక్తులు అడుగడుగునను కాలికి తగులును. డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వర్తకుడగు లేవెన్‌హుక్ తన పండ్లమీది పాచిని గీసి, తాను చేసికొన్న కటకము క్రింద పెట్టి, అందు కదలు జీవులను చూచి, 1683 లో లండన్ రాయల్ సొసైటీకి లేఖ వ్రాసినది మొదలు, మనలో నివసించు ఈ ప్రజను లెక్కింప శాస్త్రజ్ఞులు యత్నించుచునే యున్నారు. 2016 లో వెలువడిన ఒక గణనమును బట్టి, 70 కిలోల మనుష్యునిలో సుమారు 30 లక్షల కోట్ల స్వీయకణములుండగా, బాక్టీరియాలు 38 లక్షల కోట్లు కలవు. వాని మొత్తము తూకము పావుకిలో కంటె తక్కువ. వానిలో అత్యధిక భాగము పెద్దప్రేగులో నున్నవి. మనము అరిగించుకొనలేని పీచును అవి తిని, ప్రేగు గోడలోని కణములకు ఆహారమగు కొన్ని ఆమ్లములను మనకిచ్చును. అద్దెకుండువారు ఇంటి యజమానికి భోజనము పెట్టుట లోకమున అరుదు.

పారిస్ నగరమందలి పాస్చర్ సంస్థలో పనిచేసి, 1908 లో నోబెల్ బహుమానమును పంచుకొన్న మెచ్నికాఫ్, పెద్దప్రేగులోని కుళ్ళే వార్ధక్యమునకు హేతువనియు, పుల్లని పాలలోని జీవులు ఆ కుళ్ళును అణచుననియు తలంచి, బల్గేరియా రైతుల దీర్ఘాయువును సాక్ష్యముగా చూపి, తానును ప్రతిదినము పుల్లని పాలు సేవించెను. ఆయన 71 యేండ్లు జీవించెను. ఆయన నమ్ముకొన్న ఆ బల్గేరియా జీవి మన ప్రేగులో కాపురముండజాలదని తరువాత తేలినది. ఇంతకంటె విపరీతమేమనగా, ఇట్టి సిద్ధాంతములను పట్టుకొని లండనులో ఆర్బుత్‌నాట్ లేన్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు పెక్కుమంది రోగుల పెద్దప్రేగును కోసి తీసివైచెను. మంచి ఊహ అతిగా నమ్మినవారి చేతిలో పడినప్పుడు కత్తి యగుట ఇట్లు. మెచ్నికాఫ్ పూర్తిగా పొరపడెనని గాని, పూర్తిగా ఒప్పని గాని నేను చెప్పను. పులిసిన కూరలోని జీవులు మన ప్రేగున ఇల్లు కట్టుకొనవు, బాటసారులవలె కొన్నినాళ్ళు విడిది చేసి పోవును. ఒకమారు తిని పదిదినములు మానుటకంటె, కొంచెముగనే యైనను దినదినము తినుట మేలని చెప్పుటకు కారణమిదియే.

మన తెలుగువాడొకడు ఈ కథలో రెండు వైపులను నిలిచియున్నాడు. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమును నడపుచుండగా, ఆయన బృందము 1945 లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించెను. ఆ పదార్థమునకు అంతకుముందు వారిడిన పేరు లాక్టోబాసిల్లస్ కేసీ కారకము. ఆ లాక్టిక్ జీవి దేనిని తిని పెరుగునో, దేనిలేమిచే పెరుగక నిలిచిపోవునో చూచి, ఆ ఆకలినే కొలబద్దగా చేసికొని వారా విటమినును పట్టుకొనిరి. గర్భిణీ స్త్రీలకు నేడు వైద్యులు వ్రాయు ఆ మాత్ర వెనుక ఒక సూక్ష్మజీవి ఆకలి యున్నది. ఆ సుబ్బారావుగారి పర్యవేక్షణముననే డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు కనుగొన్న ఆరియోమైసిన్, సూక్ష్మజీవులను చంపు టెట్రాసైక్లిన్ జాతి మందులకు మొదటిది, 1948 లో లోకమునకు వచ్చి లెక్కలేనన్ని ప్రాణములను నిలిపెను. అట్టి మందులు శత్రువులతోపాటు ప్రేగులోని మిత్రులను గూడ కోసివైచుననునది పిమ్మట తెలిసివచ్చిన సంగతి. వైద్యుడు వ్రాసినప్పుడు ఆ మందును సందేహింపక పూర్తిగా వాడవలెను. వ్రాయనప్పుడు, జలుబు చేసినదని మందుల దుకాణమువాని నడిగి నాలుగు బిళ్ళలు మ్రింగు అలవాటును మాత్రము ఈ అధ్యాయము చదువువారు నేడే మానవలెను. జాడీ పెట్టుటకంటె అది ముందు చేయవలసిన పని.

ఇటీవలి పరిశోధనలలో పేర్కొనదగినది 2021 లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు వెల్లడించినది. ఆరోగ్యవంతులగు 36 గురిని రెండు జట్లు చేసి, పదివారములు, ఒక జట్టునకు పీచు మెండుగా నున్న ఆహారమును, రెండవ జట్టునకు పెరుగు, కెఫిర్, కిమ్చీ మొదలగు పులిసిన ఆహారమును పెట్టిరి. రెండవ జట్టువారి ప్రేగులలో సూక్ష్మజీవుల వైవిధ్యము పెరిగెను. రక్తములో దేహపు లోలోపలి వాపును సూచించు 19 మాంసకృత్తులు తగ్గెను. పీచు తిన్నవారిలో ఆ కాలవ్యవధిలో అట్టి మార్పు కానరాలేదు. ఇది ఆశ గొలుపు వార్తయే. కాని జనము 36 గురే యనుట మరువరాదు. పులిసిన కూర మధుమేహమును మాన్పునని, కాన్సరును తరుమునని చెప్పువాని యెదుట ఈ సంఖ్యను పలికి ఊరకుండుడు.

ఇక చేయు విధానము. ఒక కిలో క్యాబేజీకి, శీతకాలమైనచో 20 నుండి 25 గ్రాములు, మన వేసవిలో నైనచో 25 నుండి 30 గ్రాముల ఉప్పు. దీనిని కంటితో కొలువరాదు, త్రాసున తూచవలెను. రాళ్ళుప్పు మేలు, అయొడిన్ ఉప్పైనను పని జరుగును. పిసికి నీరూరిన క్యాబేజీని శుభ్రమగు గాజుసీసాలో కొంచెము కొంచెముగా వేసి, పిడికిలితోగాని గరిటె కాడతోగాని అదిమి, కూర అంతయు తన నీటిలో మునుగునట్లు చేసి, పైన ఒక పెద్ద ఆకు పరచి, దానిపై కడిగి మరిగించిన రాయినో, నీరు నింపిన చిన్న గాజు గ్లాసునో బరువుగా నుంచవలెను. సీసాలో నాలుగవవంతు ఖాళీ యుండవలెను, లేనిచో నీరు పొంగి అలమరను తడుపును. క్యారెట్టు, ముల్లంగి, దోస, పచ్చిమిరప వంటివి నీరు తక్కువగా విడచును గనుక, కాచి చల్లార్చిన నీటిలో లీటరునకు 30 నుండి 50 గ్రాముల ఉప్పు కరగించి వానిమీద పోయవలెను. అల్లము, వెల్లుల్లి, జీలకర్ర మీ ఇష్టము. మూతను బిగింపక వదులుగా పెట్టుడు. బిగించితిరా, దినమునకొకమారు వదలించి వాయువును పోనీయవలెను. మనదేశపు వేడికి మూడు నుండి అయిదు దినములు చాలును, చలికాలమున వారమో పదిదినములో పట్టును. పిమ్మట రెఫ్రిజిరేటరులో నుంచినచో పులుపు నెమ్మదించి, నెలలు నిలుచును.

నా మొదటి ప్రయత్నము పాడైనది. జ్యేష్ఠమాసము, ఇల్లు కొలిమివలె నున్నది. ఉప్పు ఆరోగ్యమునకు చేటని చదివి, తూచక, పిడికెడులో సగము చల్లితిని. అంతటితో పోక, కౌతుకము ఆపుకొనలేక, దినమునకు నాలుగుమారులు మూత తీసి, గరిటెతో పైది క్రిందికి త్రిప్పి, వాసన చూచితిని. మూడవనాటికి క్యాబేజీ మెత్తబడి, జిగురు సాగి, చెప్పరాని కంపు కొట్టెను. నా భార్య సీసాను పెరటిలోనికి తీసికొనిపోవుచు, "పెరుగు తోడుపెట్టి ఇన్నిసార్లు చూస్తామా అండీ?" అని మాత్రము అనెను. ఆ ప్రశ్నయే ఈ అధ్యాయమునకు మూలము.

ఆ తప్పిదమునుండి నేర్చినది చెప్పెదను. ఉప్పు తక్కువైనచో కుళ్ళబెట్టు జీవులదే పైచేయి. కూర నీటికి పైకి తేలినచో గాలి తగిలిన చోట బూజు పట్టును. నీటిపై పలుచని తెల్లని తెట్టు కట్టుట ప్రమాదము గాదు, తీసి పారవేయవచ్చును. కాని ఆకుపచ్చ, నలుపు, గులాబి వన్నెల బూజు నూగుగా కనబడినను, కంపు కొట్టినను, జిగురు సాగినను, తీసినంత మేరకు తీసి మిగిలినది తిందమను పొదుపు పనికిరాదు, సీసా అంతయు పారవేయవలెను. మంచి జాడీ పుల్లని, శుభ్రమగు వాసన వేయును. సందేహము తీరని స్వభావముగలవారు పి.హెచ్. కాగితము కొని ముంచి చూడవచ్చును, 4.6 కంటె తక్కువయైనచో భయంకరమగు బొటులిజమ్ జీవి అందు పెరుగజాలదు, చక్కగా పులిసిన క్యాబేజీ 3.5 ప్రాంతమునకు దిగును.

తినుటలో మితము మరువరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు చాలునన్నది. నూటికి రెండున్నర పాళ్ళ ఉప్పుతో చేసిన కూర నూరు గ్రాములు తిన్నచో ఆ మోతాదులో సగము అచటనే పూర్తియైనది. రెండు చెంచాలు, అనగా ముప్పది గ్రాములు తిన్నచో ముప్పాతిక గ్రాము మాత్రమే. రక్తపుపోటు గలవారు ఈ లెక్క వేసికొని, ఆ పూట ఊరగాయను, అప్పడమును విడువవలెను. వ్యాధినిరోధశక్తి తగ్గినవారు, అవయవమార్పిడి చేసికొన్నవారు, కాన్సరు చికిత్సలో నున్నవారు వైద్యుని అడుగక ముట్టరాదు. క్రొత్తగా మొదలుపెట్టినవారికి కడుపుబ్బరము కలుగవచ్చును. ఒక చెంచాతో ప్రారంభింపుడు. జీవులు సజీవములుగా కావలెనన్నచో దీనిని తాలింపు పెట్టరాదు. అన్నము వేడి కొంచెము తగ్గిన పిమ్మట ప్రక్కన వేసికొనుడు. పెరుగన్నమున నంజుకొనుటకు ముల్లంగి ముక్కయంతటిది మరియొకటి లేదని నా అభిప్రాయము, దీనికి శాస్త్రాధారము లేదు.

ఇంటిలోని పిల్లలు తినరు. వారిని బలవంతపెట్టరాదు, 1768 లో ఎండెవర్ నౌకపై బయలుదేరిన కెప్టెన్ కుక్ ఉపాయమును అవలంబింపుడు. దీర్ఘయానములలో నావికులను చంపు స్కర్వీ వ్యాధిని నివారింప ఆయన వేలకొలది పౌనుల సావర్‌క్రాట్ ఓడకెక్కించెను. నావికులు దానిని ముట్టలేదు. కొరడా ఎత్తుటకు అధికారముగల ఆ నాయకుడు కొరడా నెత్తక, ప్రతిదినము అధికారుల బల్లమీద దానిని వడ్డింప ఆజ్ఞాపించి, తక్కినవారు తినినను మానినను వారి యిచ్చయని విడిచిపెట్టెను. పెద్దలు మెచ్చి తినుచున్నారని చూచి, వారముకంటె తక్కువ కాలములోనే అందరును తమకు కావలెననిరి. కడకు వంతులు నిర్ణయింపవలసి వచ్చెనని ఆయన తన దినచర్యలో వ్రాసికొనెను. మా మనుమరాలు మూడు వారములు నా కంచమువంక చూచి, నాలుగవ వారమున క్యారెట్టు ముక్కనొకదానిని అడుగక తీసికొనెను. నేను చూడనట్లు నటించితిని.

సీసా ఖాళీ యైన తరువాత అడుగున పుల్లని, ఉప్పని నీరు మిగులును. దానిని పారబోయకుడు. పలుచని మజ్జిగలో ఆ నీరు రెండు చెంచాలు కలిపి, కరివేపాకు త్రుంచి వేసి, వేరుగ ఉప్పు వేయక, మధ్యాహ్నపువేళ త్రాగుడు. సీసాను వేడినీట కడిగి, ఎండలో బోర్లింపుడు. రేపు సంతలో ముల్లంగి లేతగా దొరకునేమో చూతము.